సర్పగంధి పువ్వు

మా నాన్న బేగంబజార్‌లో ఒక మూలికల దుకాణంలో గుమాస్తా. బడి వదలగానే అక్కడికెళ్లి ఎండిన సర్పగంధి వేళ్లు తూచేవాణ్ణి. దాని పువ్వు చూసింది మాత్రం యాభై దాటాకే. మోకాలెత్తు పొద, తెల్లటి పూలు, ఎర్రటి కాడలు.

రక్తపోటు మందు రిసర్పిన్‌ను 1952లో ఈ వేరు నుంచే వేరుచేశారు. గిరాకీ పెరిగింది. వేరు తవ్వితే మొక్క పోయినట్టే కదా! మన తూర్పు కనుమల్లోనూ అరుదైపోయింది. అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందంలో 1990లో దీన్ని చేర్చారు. విత్తనాలు సరిగా మొలవవు. పచ్చి వేరుముక్క నాటితే చిగురిస్తుంది. నేను తూచినవన్నీ ఎండువేళ్లు. అవి ఎన్ని మొక్కలో, ఇంజినీరునై ఉండీ లెక్క కట్టే ధైర్యం లేదు.

నర్సరీలో కొన్న నాలుగు మొక్కలు తెచ్చాను. కాస్త నీడపట్టున పెట్టించండి సార్. పిల్లలకు పువ్వు చూపించండి, వేరు మాత్రం తవ్వనివ్వకండి.