మూడు నెలలకోసారి పక్షవాతం

ఈ స్నాతకోత్సవం గౌన్ల ఉక్కలో మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

మీలో చాలామంది మెడికల్ కోడింగ్‌లో, అంటే డాక్టరు రాసిన జబ్బులకు బిల్లుల కోసం కోడ్‌లు వేసే పనిలో, చేరుతున్నారని విన్నాను. నేనూ హైదరాబాద్‌లో కోడర్‌గా చేరి ఆడిటర్‌నయ్యాను. రేపు ఈ పని యంత్రాలే చేస్తాయా అంటే, ఆ జోస్యం ఇంకెవరినైనా అడగండి. నాకు వచ్చింది చార్టు చదవడం. ఒక చార్టు సంగతి చెబుతాను.

అమెరికాలో ఒక పెద్దావిడ. బీపీ, షుగరు. మూడు నెలలకోసారి క్లినిక్‌కు వచ్చి మందులు రాయించుకుని వెళ్లేది. మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతిని ఎప్పుడో చిన్న లాక్యునార్ స్ట్రోక్ వచ్చింది. 'పాత స్ట్రోక్, లోపమేమీ మిగల్లేదు' అని డాక్టరు శుభ్రంగా రాశారు. కోడ్ మాత్రం ప్రతిసారీ ఐ63.81. అంటే చిన్న ధమని మూసుకుపోయి ఇప్పుడే వచ్చిన స్ట్రోక్! కాగితాల ప్రకారం ఆవిడకు మూడు నెలలకోసారి పక్షవాతం. అయినా నడిచొచ్చి నడిచి వెళ్లేది. అక్కడ ఉండాల్సింది జెడ్86.73, అంటే లోపం మిగలని పాత స్ట్రోక్. చెయ్యో మాటో పడిపోయి ఉంటే ఐ69 వరస.

నవ్వొచ్చినా ఇది డబ్బుతో ముడిపడ్డ వ్యవహారం. అమెరికాలో పెద్దవాళ్ల బీమా అయిన మెడికేర్ అడ్వాంటేజ్‌లో జబ్బు తీవ్రతను బట్టి బీమా కంపెనీకి చెల్లింపు పెరుగుతుంది. ఆస్పత్రిలో చేరిన దాఖలా లేకుండా డాక్టరు బిల్లులో మాత్రమే కనబడే తాజా స్ట్రోక్‌ను అమెరికా ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆడిట్లు ఏరికోరి వెతుకుతాయి.

అయితే నా అసలు దిగులు వేరే. ఎమ్మారై రిపోర్టులోంచి రోగాన్ని లాక్కొచ్చే అలవాటు. వయసు మళ్లినవాళ్ల మెదడులో తెల్లమచ్చలు కనబడటం మామూలే. ఫజెకాస్ గ్రేడు మచ్చల కొలత, రోగనిర్ధారణ కాదు. రేడియాలజిస్టు మైక్రోవాస్కులర్ ఇస్కీమియాకు (సన్నటి నాళాల్లో రక్తం చాలకపోవడానికి) ముందు 'కన్సిస్టెంట్ విత్' అని తగిలించారా, అవుట్‌పేషెంట్‌లో అది అనుమానం కిందే లెక్క, కోడ్ చెయ్యకూడదు. 'వైట్ మ్యాటర్ డిసీజ్' అన్నంతవరకే ఉంటే ఆర్90.82 దగ్గర ఆగండి. బిన్స్‌వాంగర్ వ్యాధి అని డాక్టరు రాస్తేనే ఐ67.3. వంశపారంపర్యంగా వచ్చే కాడాసిల్‌కైతే 2018 అక్టోబరు నుంచి సొంత కోడే ఉంది, ఐ67.850.

అనుమానమొస్తే డాక్టరుకు క్వెరీ, అంటే రాతపూర్వకమైన ప్రశ్న, పంపండి. పంపండి నాయనా! క్వెరీ అనగానే పరీక్షలో చీటీతో దొరికిపోయినట్టు ముఖం పెడతారేం? గంటకిన్ని చార్టులని టీమ్ లీడ్ తరుముతాడు, తెలుసు. తరమనివ్వండి. 'ఇది స్మాల్ వెసెల్ డిసీజే కదా' అని మాత్రం అడక్కండి, జవాబు అందించే క్వెరీ చెల్లదు. రిపోర్టులో ఏముందో రాసి, దాన్ని ఏమని నిర్ధారిస్తారో ఆయన్నే చెప్పమనండి.

వైద్య పట్టా అందుకున్నవాళ్లు అలా నవ్వకండి. పాత స్ట్రోక్‌ను 'ఓల్డ్ సీవీఏ' అని రెండు ముక్కలు గీకి పడేసేది మీరే. ఎప్పుడొచ్చింది, ఏ వైపు, ఏ లోపం మిగిలింది, మతిమరుపు ఉంటే అది దానివల్లేనా అన్నవి మీరు రాయకపోతే కోడర్ ఊహించడానికి వీల్లేదు. మీలో కొందరు అమెరికా వెళ్తారు. అక్కడ మీరు రాసిన నోట్‌ను ఇవాళ మీ పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయే ఇక్కడ చదవొచ్చు. క్వెరీ వస్తే విసుక్కోకండి.