శీతకాలపు పరుగు – లక్ష్యనిర్ణయము

పరుగు అనగానే మనకు సాధారణముగా ఇద్దరు జ్ఞప్తికి వత్తురు. ఒకరు బడి మైదానమున పతకము కొరకు పరుగెత్తు బాలుడు. రెండవవారు పోలీసు ఉద్యోగమునకు దేహదారుఢ్య పరీక్ష ఇవ్వబోవు యువకుడు. పోటీపరీక్షల శిక్షణాలయములకు పేరుపడిన మా ద్వారకానగరులో ఈ రెండవవారు మరింత పరిచితులు. కాని కొన్ని సంవత్సరములుగా విశాఖపట్టణపు వీధులలో మూడవ వర్గమొకటి తెల్లవారుజామున కనిపించుచున్నది. బ్యాంకు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, ఉక్కు కర్మాగారమున షిఫ్టులలో పనిచేయువారు, పదవీ విరమణ చేసిన పెద్దలు, గృహిణులు ఇందులో ఉన్నారు. వీరికి పతకము వచ్చునన్న ఆశ లేదు, ఉద్యోగము వచ్చునన్న ఆశ అంతకంటె లేదు. అయినను బూట్లు బిగించి బయలుదేరుచున్నారు. మేమును ఆ వర్గములోని వారమే.

దీపావళి వెళ్లి కార్తికము ప్రవేశించినది మొదలు మా వంటివారి సంఖ్య హెచ్చును. సంక్రాంతి నాటికి అందులో సగము మంది కనబడరు. ఆరంభశూరత్వమని పెద్దలు దీనికి పేరు పెట్టిరి. కాని మా అనుభవమున మానివేసినవారు సోమరులై మానినది తక్కువ. తమకు తగని లక్ష్యమును పెట్టుకొని, మోకాలో మడమయో నొప్పిచేసి, ఇంట కూర్చున్నవారే ఎక్కువ. కనుక శీతకాలపు పరుగులో మొదటి పని పరుగెత్తుట కాదు. లక్ష్యమును సరిగా నిర్ణయించుకొనుట. ఈ ప్రసంగమున మేము మనవి చేయదలచినది ముఖ్యముగా ఆ ఒక్క సంగతియే.

లక్ష్యమునకు మొదట చూడవలసినది పంచాంగము. దూరపు పరుగును గూర్చి వ్రాసిన గ్రంథములలో అధికభాగము చలిదేశములలో పుట్టినవి. ఆ దేశములలో శీతకాలమనగా మంచు, చీకటి, పందెములు లేని కాలము. 1897లో ఆరంభమైన బోస్టను మారథాను, 1981లో ఆరంభమైన లండను మారథాను ఏప్రిలు మాసమున జరుగుచుండును. అక్కడివారు చలికాలమంతయు నెమ్మదిగా పునాది వేసికొని వసంతమున పందెమునకు దిగుదురు. మన స్థితి అందుకు భిన్నము. మనకు చలికాలమే పందెముల కాలము. విశాఖ సముద్రతీరమున జరుగు నౌకాదళ మారథాను 2023లో నవంబరునందును, 2024లో డిసెంబరునందును జరిగినది. 2004లో మొదలైన ముంబయి మారథాను జనవరిలో జరుగును. అనగా మనకు శిక్షణకు అనువైన నెలలును, పందెములు వచ్చు నెలలును ఒకటే.

దీనివలన మనము ఒక నిర్ణయము చేసికొనక తప్పదు. మన ఊరి పందెములో మంచి కాలము సాధింపగోరువారు శ్రావణ భాద్రపదముల ఉక్కలోనే పునాది వేసికొనవలెను. కార్తికమున లేచి మార్గశిరమున పందెమునకు నిలుచుట విత్తనము నాటిన వారమునకే కోతకు పోవుట వంటిది. ఇప్పుడే ఆరంభించువారు మన ఊరి పందెములో 5 లేక 10 కిలోమీటర్లు సుఖముగా ముగించిన చాలును. వారి అసలు పందెము చలి తగ్గు వేళకు, లేదా మరుసటి సంవత్సరమునకు ఉండవలెను. ఒకే చలికాలమున మూడు పందెములకు పేరు వ్రాయించుకొన్నవారు మూడింటికిని సగము సిద్ధపడి వెళ్లుదురు.

పంచాంగము తరువాత చూడవలసినది గాలి. విశాఖలో డిసెంబరు, జనవరి మాసముల వేకువ వేళ ఉష్ణోగ్రత రమారమి 18 మొదలు 20 డిగ్రీల వరకు ఉండును. పరుగునకు ఇది మంచిదే. కాని సముద్రపు ఊరగుటచే గాలిలో తేమ హెచ్చు. చెమట పట్టినంత మాత్రమున శరీరము చల్లబడదు, అది ఆరినప్పుడే చల్లబడును. తేమగాలిలో చెమట ఆరక కారిపోవును. కనుక అరకు లోయ చలిలో ఒకరు పరుగెత్తిన వేగమును మన ఊరి సముద్రతీరమున అదే శ్రమతో పొందలేము. దీనికి తోడు అక్టోబరు, నవంబరులు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు చెట్లు కూలి, దారులు మూసుకొని, ఊరి జీవనమే స్తంభించినది. అంతటి విపత్తు అరుదు. అయినను వాయుగుండపు వానలకు ఒక వారము పోవుట ఏటేట జరుగునదే. పది వారముల ప్రణాళిక వేసికొన్నవారు ఎనిమిది వారములే చేతికి వచ్చునని ఎంచవలెను. పోయిన వారమును మరుసటి వారమున కలిపి తీర్చబోవుట గాయమునకు దగ్గరి దారి.

ఇక లక్ష్యము యొక్క స్వరూపము. మొదటిది దూరమును చేరుట, రెండవది కాలమును తగ్గించుట. ఈ క్రమము తప్పరాదు. దీనికి మన ఊరిలోనే పెద్ద నిదర్శనము కలదు. ఆషాఢ పౌర్ణమి సందర్భమున సింహాచల గిరిప్రదక్షిణము చేయు లక్షలాది జనులు సుమారు 32 కిలోమీటర్లు నడతురు. అందులో వృద్ధులు, స్త్రీలు, బాలురు, కాళ్లకు చెప్పులు లేనివారు ఉందురు. ఎవరును గడియారము చూడరు. చేరుటయే వారి లక్ష్యము గనుక అలసినచోట కూర్చుండి, మజ్జిగ త్రాగి, మరల లేచి నడతురు. ఆ నిదానమే వారిని గమ్యము చేర్చును. మొదటిసారి అర్ధమారథాను అనగా 21.1 కిలోమీటర్లు పూనినవారు ఆ యాత్రికుల బుద్ధితో పోవలెను. నడచియైనను చేరుట మొదటి సంవత్సరపు గెలుపు.

రెండవ సంవత్సరమున కాలము సంగతి. ఇక్కడనే గుండ్రని సంఖ్యల మోహము మనలను చెడగొట్టును. అర్ధమారథానును రెండు గంటలలో ముగింపవలెనని అందరికిని కోరిక. ఆ కోరిక తీరుటకు కిలోమీటరునకు 5 నిమిషముల 41 సెకండ్ల చొప్పున చివరివరకు పరుగెత్తవలెను. తన శక్తి ఎంతయో తెలియుటకు చిన్న దూరపు కాలమే ప్రమాణము. అమెరికాకు చెందిన పీట్ రీగెల్ అను ఇంజనీరు 1977లో ఇందుకొక సూత్రమును ప్రకటించెను. దూరము రెట్టింపు అయినప్పుడు కాలము సరిగా రెట్టింపు కాదు, అంతకు నూటికి నాలుగు వంతులు ఎక్కువగును అని దాని సారాంశము. ఈ లెక్కన 10 కిలోమీటర్లను 60 నిమిషములలో పరుగెత్తువారికి అర్ధమారథాను సుమారు 2 గంటల 12 నిమిషములు. పూర్తి మారథాను సుమారు 4 గంటల 36 నిమిషములు, అదియు దూరపు పరుగులు తగినన్ని చేసియున్నచో. రెండు గంటల కోరిక గలవారు మొదట 10 కిలోమీటర్లను 54 నిమిషముల ప్రాంతమునకు తేవలెను. అంతవరకు రెండు గంటలన్నది కోరికయే గాని లక్ష్యము కాదు. పందెము నాడు కోరిక కాళ్లను మొదటి 10 కిలోమీటర్లు మాత్రమే మోయును.

అయితే వేగము పెంచుటకు రోజును వేగముగా పరుగెత్తవలెనా? కూడదు. న్యూజిలాండునకు చెందిన ఆర్థర్ లిడియార్డ్ (1917–2004) చెప్పుల కర్మాగారమున పనిచేసిన వ్యక్తి. ఆయన శిక్షణలో పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, మరే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలోను 1960 రోము ఒలింపిక్సున ఒకే దినమున స్వర్ణపతకములు గెలిచిరి. రెండు నిమిషములలోపు ముగియు 800 మీటర్ల పందెగాని చేత ఆయన కొండదారులలో 22 మైళ్లు, అనగా సుమారు 35 కిలోమీటర్లు పరుగెత్తించెను. నిదానముగా చిరకాలము పరుగెత్తినప్పుడు కండరములలో సన్నని రక్తనాళములు పెరుగును, గుండె ఒక్క స్పందనకు పంపు రక్తము హెచ్చును, దేహము కొవ్వును ఇంధనముగా వాడుట నేర్చుకొనును. ఇవి వారములలో కాక నెలలలో జరుగు మార్పులు. లిడియార్డ్ కేవలము వీరులకే కాక నడివయసు గృహస్థులకును నెమ్మదిపరుగును అలవాటు చేసెను. ప్రక్కవానితో మాటలాడుచు పోగలిగినచో ఆ వేగము సరియైనదని గుర్తు. మాట తెగినచో వేగము తగ్గింపవలెను.

ఈ సూత్రమును మా పేటకు అన్వయించి మేము ఆచరించు క్రమమిది. వారమునకు నాలుగు దినములు పరుగు. అందులో మూడు దినములు నిదానమే. ఆసీల్‌మెట్ట, సిరిపురము, పాండురంగాపురము మీదుగా సముద్రతీరమునకు మా పేట నుండి సుమారు మూడు కిలోమీటర్లు. పోవునప్పుడు చివర పల్లము, వచ్చునప్పుడు ఎత్తు. అలసిన వేళ ఎత్తెక్కవలసి వచ్చుటచే పోవునప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకొనుట ఈ దారి నేర్పును. ఒక దినము మాత్రము వేగము, లేదా తెన్నేటి పార్కు వైపు ఎత్తుదారి. ఆదివారము దూరపు పరుగు, మూడు వారములు కొద్దికొద్దిగా పెంచి నాలుగవ వారమున తగ్గింతుము. పందెమునకు ముందు రెండు వారములు దూరము సగము చేయుదుము. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు ఆ ఉదయమున వేగపు పరుగు పెట్టుకొనక నిద్రపోవలెను. నిద్రయు శిక్షణలో భాగమే.

కాలమును కొలుచుటలో ఓర్పు ఎట్టిదో మన ఊరి ఆడపడుచు ఒకరు చూపియున్నారు. 1999లో విశాఖపట్టణమున జన్మించిన యర్రాజి జ్యోతి నూరు మీటర్ల హర్డిల్స్ పందెగత్తె. ఆమె తండ్రి కాపలా ఉద్యోగి. 2002 నాటి జాతీయ రికార్డు 13.38 సెకండ్లు. ఆమె 2020లో 13.03 సెకండ్లలో పరుగెత్తినను నిబంధనల కారణమున అది రికార్డుగా పరిగణింపబడలేదు. 2022 ఏప్రిలులో కోజికోడునందు 13.09లో ముగించినప్పుడు వెనుకగాలి సెకండునకు 2.1 మీటర్లు వీచినది. అనుమతింపబడు హద్దు 2.0 మాత్రమే. అదియును చెల్లలేదు. మరుసటి మాసముననే, మే 10న, సైప్రసునందు 13.23తో రికార్డు ఆమె పేరనే చేరినది. 2023లో ఆసియా క్రీడలలో రజతము, 2024లో పారిసు ఒలింపిక్సున స్థానము లభించినవి. ఆమె ఎత్తును మనము అందుకొనలేము. కాని చెల్లని కాలమును చూచి కలతపడక మరల మొదటి గీత వద్ద నిలుచుట మనమును నేర్చుకొనదగినదే. తుపాను వానకు పందెము రద్దయినను, జ్వరము వచ్చి పందెపు దినము తప్పినను, దేహము సంపాదించినది దేహముననే ఉన్నది.

రేడియో వినుచున్న కుటుంబములకు ఒక మనవి. వేకువ నాలుగున్నరకు ఒకరు లేచిన ఇంటిలో మరొకరి పని పెరుగును. పురుషుడు పరుగునకు పోయి వచ్చువరకు కాఫీయు ఫలహారమును సిద్ధమగును. స్త్రీ పరుగునకు పోయినచో పొయ్యి ఎవరు వెలిగింతురు? పిల్లలను బడికి ఎవరు తయారుచేయుదురు? మాతో పరుగెత్తిన సోదరీమణులలో మానివేసినవారు కాళ్ల నొప్పులచేత మానలేదు, ఈ ప్రశ్నకు ఇంటిలో సమాధానము దొరకక మానిరి. గృహిణి పరుగునకు లక్ష్యము నిర్ణయించునది ఆమె మాత్రమే కాదు, ఆమె ఇల్లు. వారమునకు నాలుగు ఉదయములు ఆ ఇంటివారు పంచుకొనగలిగినచో ఆమె అర్ధమారథాను సగము ముగిసినట్లే.

చివరగా కొన్ని జాగ్రత్తలు. నలుబది దాటినవారు, మధుమేహము, రక్తపు పోటు గలవారు, గుండెజబ్బు వంశమున ఉన్నవారు వైద్యుని చూచిన పిమ్మటనే ఆరంభింపవలెను. పరుగులో ఛాతీ బరువెక్కినను, తల తిరిగినను, ఆ క్షణమే ఆగి వైద్యసహాయము కోరవలెను. పందెపు దినముననైనను దీనికి మినహాయింపు లేదు. దాహము వేసినప్పుడు నీరు త్రాగవలెను. మితిమీరి వట్టినీరు త్రాగుటయు ప్రమాదమే, రక్తములోని ఉప్పు పలుచబడును. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. చీకటిలో తెల్లని దుస్తులు ధరించి, ఎదురుగా వచ్చు వాహనములు కనబడునట్లు రోడ్డునకు కుడివైపున పరుగెత్తవలెను.

శివరాత్రికి చలి శివ శివా యనుచు పోవునని నానుడి. ఆ నాటికి మన లక్ష్యపు లెక్క చూచుకొనుట మంచిది. గోడమీది క్యాలెండరులో పరుగెత్తిన దినములకెల్ల ఒక చుక్క పెట్టుకొన్నచో లెక్క తానే తెలియును. పందెములో వచ్చిన కాలము ఒక్క ఉదయపు సంగతి, అందులో గాలికిని భాగమున్నది. ఆ చుక్కలు మాత్రము పూర్తిగా మనవి. శివరాత్రి మరునాడు కూడ బూట్లు వేసికొనబుద్ధి పుట్టినచో, ఆ చలికాలమున మనము పెట్టుకొన్న లక్ష్యము సరియైనదని గ్రహింపవచ్చును.