డోలీ వార్తని ఎలా చదువుదాం?

(చింతపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేపరు చదవడం కూడా ఒకరు నేర్పాలా, అక్షరాలు వచ్చినవాళ్ళెవరైనా చదువుకుంటారు కదా అని నిన్న మీలో ఒకరు అడిగారు. సరైన ప్రశ్నే. రెండేళ్ళుగా ఇక్కడ డిగ్రీ చదివే పదిహేను మంది అమ్మాయిలతో శనివారం మధ్యాహ్నాలు వార్తలు చదువుతున్నాను. అక్కడ జరిగింది చెప్పడమే నా జవాబు.

వీళ్ళలో బగతలున్నారు, కొండదొరలున్నారు, కోందులున్నారు. ఇంట్లో కువి మాట్లాడే పిల్లకి పేపరు తెలుగు మూడో భాష కిందే లెక్క. ఇంట్లో ఒకటి, సంతలో ఒకటి, పేపర్లో ఇంకొకటి. అందుకే ఆ తెలుగులోని మెలికలు మనకంటే వాళ్ళకి ముందు కనపడతాయి. 'అమాయక గిరిజనులు' అన్న మాట మన కంటికి ఆనకుండానే జారిపోతుంది. వాళ్ళు అక్కడే ఆగి, "మేడమ్, అమాయక రైతులు, అమాయక డాక్టర్లు అని రాస్తారా?" అని అడిగారు.

మొదటి రోజు ఆనాటి పేపరు తీసుకోలేదు. ఆనాటి వార్తలో ఎవరో ఒకరి చుట్టం ఉంటారు, నోరు పెగలదు. 1922 ఆగస్టు 22న ఇదే చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దళం పడి తుపాకులు పట్టుకుపోయిన సంగతి తీసుకున్నాం. ఆ తిరుగుబాటుని బ్రిటిష్ ప్రభుత్వ కాగితాలు పితూరీ అన్నాయి. మనం పోరాటం అంటాం. దాని గురించి మూడు వాక్యాలు రాయమన్నాను. ఒకటి స్టేషన్ కానిస్టేబుల్ రాసినట్టు, రెండోది దళంలో ఉన్నవాడు రాసినట్టు, మూడోది రోడ్డు పనికి వెట్టి పట్టిన మనిషి భార్య రాసినట్టు. నర్సీపట్నం వైపు నుంచి కొండల్లోకి వేసిన రోడ్డు పనిలో మన్యం వాళ్ళని చాలీచాలని కూలికి బలవంతంగా దింపడం ఆ తిరుగుబాటుకి ఒక ముఖ్య కారణమని మీకు తెలిసిందే. మొదటి రెండు వాక్యాలూ అందరికీ వచ్చాయి. మూడోది ఎవరికీ రాలేదు. ఆమె ఏమనుకుని ఉంటుందో ఏ పుస్తకంలోనూ చదవలేదు మరి. ఒకమ్మాయి మాత్రం, "అప్పుడు రోడ్డు వేయించినందుకు తిరగబడ్డారు, ఇప్పుడు వేయండని తిరుగుతున్నాం" అంది. దాంతో డోలీ దగ్గరికి వచ్చాం.

ఏజెన్సీ గురించి పేపర్లలో తిరిగి తిరిగి వచ్చే వార్తలు మీరే చెప్పగలరు. చలికాలం వస్తే లంబసింగి మంచు, 'ఆంధ్రా కాశ్మీర్'. ఏడాది పొడుగునా గంజాయి. వానాకాలంలో డోలీ. మొదటి రెండింటి గురించి ఇవాళ మాట్లాడను. డోలీ వార్త ఇలా ఉంటుంది. ఇది ఏ ఒక్క పత్రికదీ కాదు, అలాంటివి చదివి చదివి పాఠం కోసం నేను కూర్చింది:

'రహదారి సౌకర్యం లేకపోవడంతో ఓ గిరిజన గర్భిణిని కుటుంబ సభ్యులు ఆరు కిలోమీటర్లు డోలీలో మోసుకెళ్ళారు. మార్గమధ్యంలోనే ఆమె ప్రసవించింది. తల్లీబిడ్డ క్షేమంగా ఉన్నారు. ఇప్పటికైనా అధికారులు స్పందించాలని గిరిజనులు కోరుతున్నారు.'

చదివితే జాలి కలుగుతుంది. జాలితో పేజీ తిప్పేస్తాం. తిప్పకుండా ఒక్కో వాక్యానికీ కర్త ఎవరని వెతకమన్నాను. 'లేకపోవడంతో' అన్న ఒక్క మాటలో ఎంతమంది దాక్కున్నారో చూడండి. రోడ్డు లేకపోవడం అనేది వాన పడటం లాంటిది కాదు కదా. ఆ ఊరికి రోడ్డు ఎప్పుడైనా మంజూరైందా? అయితే ఏ సంవత్సరం? పని పంచాయతీరాజ్‌దా, ఐటీడీఏదా? కాంట్రాక్టరు మధ్యలో వదిలేశాడా? లేక 'అటవీ అనుమతులు రాలేదు' అన్న ఆ రెండో మంత్రమా?

ఈ మంత్రం దగ్గర మేం మూడు శనివారాలు ఆగాం. అటవీ హక్కుల చట్టం, 2006లో సెక్షన్ 3(2) ఉంది. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, మంచినీళ్ళు, రోడ్డు లాంటి 13 రకాల పనులకి ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు ఉండాలి. లెక్కలు చదివే అమ్మాయి లేచి బోర్డు మీద వేసింది. మూడు మీటర్ల వెడల్పు రోడ్డయితే ఒక హెక్టారులో మూడు కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే 'అనుమతి రాలేదు' అని చదివినప్పుడల్లా అడగవలసింది, అడిగారా అని. గ్రామసభ ఎప్పుడు పెట్టారు, దానికి ఆడవాళ్ళని పిలిచారా అని. వార్త రాసినాయనకి ఈ సెక్షన్ తెలియకపోవచ్చు. మండల విలేకరుల్లో చాలామందికి జీతమే ఉండదు, ప్రకటనలు తేవాల్సింది వాళ్ళే. ఆయన్ని తిట్టి ప్రయోజనం లేదు.

ఇక రెండో వాక్యం. ఆమె ప్రసవించింది. వార్త మొత్తంలో ఆమె చేసిన పని అదొక్కటే. మోసింది కుటుంబ సభ్యులు, కోరింది గిరిజనులు, స్పందించవలసింది అధికారులు. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. ఇది ఎన్నో కాన్పు? ఆశా కార్యకర్త వచ్చిందా? వారం ముందే కిందికి ఎందుకు దిగలేదు? ఈ చివరి ప్రశ్నకి పై వాళ్ళ దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: అవగాహన లేక. మా అమ్మాయిల జవాబు వేరు. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలున్నారు, పోడులో కలుపు ఉంది, ఆసుపత్రి దగ్గర వారం ఉంటే వాళ్ళకి గంజి ఎవరు కాస్తారు?

అప్పుడు, నేను తయారై రాని ప్రశ్న ఒకటి వచ్చింది. ఫోటో ఎవరు తీసేరు? వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "మా వదినది మేడమ్ అలాంటి ఫోటో. మా చిన్నాన్న కొడుకు ఫోన్లో తీసి విలేకరికి పంపేడు. పంపకపోతే రోడ్డు రాదని." వదినని అడిగారా అన్నాను. "నొప్పుల్లో ఉంటే ఏం అడుగుతారు? తర్వాత అందరి ఫోన్లలోనూ చూసింది. సంతకి వెళ్ళడానికి సిగ్గుపడింది కొన్నాళ్ళు."

ఆ గదిలో రెండు పక్షాలైపోయాయి. ఫోటో పంపడం న్యాయమే, అది అర్జీ లాంటిది, ఉత్త కాగితం అర్జీని ఎవరు చూస్తారు అని కొందరు. అర్జీ అయితే దాని మీద వేలిముద్ర ఆమెది ఉండాలి కదా అని ఇంకొందరు. నా పక్షం రెండోదే. అయితే మొదటి పక్షం వాళ్ళు చెప్పింది కొట్టిపారేయలేం. రోడ్డు అడగడానికి ఆడదాని నొప్పి తప్ప వేరే సాక్ష్యం పనికిరాని పరిస్థితి ఆ ఊరివాళ్ళు తెచ్చింది కాదు.

ఇంకో సంగతి చూడండి. ఈ ఫోటో ఏ పేజీలో పడుతుంది? 1989లో ఈనాడు జిల్లాలకి విడిగా చిన్న పత్రికలు మొదలుపెట్టింది. తర్వాత మిగతావీ అదే దారి పట్టాయి. ఊళ్ళ వార్తలకి చోటు దొరికింది, మంచిదే. కానీ చింతపల్లి డోలీ పాడేరు దాకా వెళ్ళి ఆగిపోతుంది. రోడ్డుకి డబ్బు మంజూరు చేసేవాళ్ళ బల్ల మీదికి వచ్చే పేపర్లో అది ఉండకపోవచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా ఆపినప్పుడు ఆ వార్త జిల్లా దాటింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఏది జిల్లా దాటుతుంది, ఏది దాటదు అన్నది కూడా చదవడంలో భాగమే.

లెక్కపెట్టడం కూడా నేర్చుకున్నాం. 1995 నుంచి అయిదేళ్ళకోసారి చాలా దేశాల్లో ఒకే రోజు వార్తల్లో స్త్రీలెంతమంది అని లెక్కపెడుతున్నారు. 1995లో నూటికి 17, 2020లో 25. మేం ఒక వారం జిల్లా పేజీలు లెక్కపెట్టాం. మీరూ మీ మండలంలో చేయండి. ఫోటోలో ఉన్న ఆడవాళ్ళని ఒక గడిలో, పేరుతో మాట్లాడినవాళ్ళని వేరే గడిలో వేయండి. రెండు గడులకీ మధ్య తేడా మీకే తెలుస్తుంది.

వాకపల్లి గురించి చెప్పకుండా ఈ ప్రాంతంలో వార్తల గురించి మాట్లాడలేం. 2007 ఆగస్టు 20న జి. మాడుగుల మండలంలోని ఆ ఊళ్ళో కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. విచారణ మొదలవడానికే పదేళ్ళు దాటింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనీ నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగ్గా చేయలేదని తప్పుపట్టింది, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వాలని చెప్పింది. క్లాసులో మూడు జట్లుగా చేసి ఒక్కో జట్టుకి తీర్పులో ఒక్కో ముక్క ఇచ్చి శీర్షిక పెట్టమన్నాను. ఒకరిది 'పోలీసులు నిర్దోషులు'. ఒకరిది 'దర్యాప్తులో లోపాలు: కోర్టు'. ఒకరిది 'వాకపల్లి స్త్రీలకి పరిహారం'. మూడూ నిజమే. శీర్షిక మాత్రమే చదివి బస్సెక్కే మనిషి ఏ నిజం పట్టుకెళ్తాడన్నదే ప్రశ్న.

అత్యాచార బాధితురాలి పేరు ప్రచురించకూడదని చట్టం. పాత శిక్షాస్మృతిలో 228ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. ఇది చెప్పగానే ఒకమ్మాయి అడిగింది: "అంత చిన్న ఊరి పేరు రాస్తే అందరి పేర్లూ రాసినట్టు కాదా? ఆ ఊరి నుంచి పెళ్ళి సంబంధానికి వెళ్ళే పిల్ల సంగతేంటి?" ఊరి పేరు దాస్తే కేసే కనపడకుండా పోయేది అని నేను అనగలను. అన్నాను కూడా. ఆమె ఒప్పుకోలేదు. మన కరపత్రాల్లో, బ్యానర్ల మీద ఆ ఊరి పేరు ఎన్నిసార్లు ఉందో మీకు తెలుసు. దీని మీద మధ్యాహ్నం గ్రూపుల్లో మాట్లాడుకుందాం.

ఇక పని సంగతి. అమ్మాయిలు డోలీ వార్తల కటింగులు తేదీ, పేజీతో సహా అతికిస్తున్నారు. రోడ్ల శంకుస్థాపన వార్తలు, 2025 ఏప్రిల్‌లో మొదలైన 'అడవితల్లి బాట' ప్రకటనలు పక్క పేజీలో అతికిస్తున్నారు. ఊరి పేరు రెండు వైపులా ఉంటే ఎర్ర సిరాతో గీత. ఆ ఊళ్ళ రోడ్లు ఏ దశలో ఉన్నాయో సమాచార హక్కు చట్టం కింద పాడేరు ఐటీడీఏని అడుగుతూ దరఖాస్తు రాశారు. దానికి ఫీజు పది రూపాయలు. మండల ఆఫీసులో పెట్టేదానికి అయిదు, గ్రామస్థాయిలో అసలు లేదు. నకళ్ళు వెనక బల్ల మీద పెట్టారు, మీ మండలం పేరు మార్చి వాడుకోండి. డోలీలో వెళ్ళిన స్త్రీలెవరైనా తమంతట తాము మాట్లాడతానంటే వాళ్ళ భాషలోనే రికార్డు చేస్తాం. పేరు వేయాలో వద్దో, ఫోటో ఉండాలో వద్దో వాళ్ళనే అడుగుతాం. కువి, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్ళు మాకు ఇద్దరు ముగ్గురు కావాలి. భోజనాలకి ముందు పేర్లివ్వండి.