రాతి గుంజలు, ముళ్ల తీగ



మ్యూజియం అనగానే రాజుల కత్తులూ, కిరీటాలూ, దేవతా విగ్రహాలూ జ్ఞాపకం వస్తవి. కేవలం ముళ్ల తీగ కోసం ఒక మ్యూజియం ఉన్నదంటే నమ్ముతారా? అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లాక్రాస్ అనే చిన్న ఊరు ఉన్నది. జనాభా సుమారు 1,300. మన లెక్కన ఒక మోస్తరు పల్లె. అక్కడ 2,000 పైచిలుకు రకాల ముళ్ల తీగలను ముక్కలుగా కోసి, పలకల మీద వరుసగా బిగించి పెట్టినారు.

"ముళ్ల తీగలో అన్ని రకాలేమిటండీ?" అని మీరు అడగవచ్చు. అందుకు ఆ నేల సంగతి చెప్పుకోవాలి. అది ప్రయరీ, అంటే కనుచూపు మేర గడ్డి తప్ప చెట్టు కానరాని మైదానం. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద అక్కడ కాపురానికి వచ్చినవారికి 160 ఎకరాల వరకు భూమి దొరికింది. భూమి దొరికింది గాని, వేసిన పైరు మందల పాలు. కంచె వేద్దామంటే కర్ర లేదు. కొందరు ఓసేజ్ ఆరెంజ్ అనే ముళ్ల చెట్టును గట్ల వెంట నాటి పెంచినారు. అది ఎదగడానికి ఏళ్లు పట్టేది. పశువు అన్నాళ్లు ఆగుతుందా?

1874లో ఇల్లినాయ్ రాష్ట్రపు రైతు జోసెఫ్ గ్లిడెన్ ఒక రకం ముళ్ల తీగకు పేటెంటు పొందినాడు. చూడబోతే చిన్న పనే. ఒంటి తీగకు ముల్లు చుట్టితే అది జారుతుంది, తిరుగుతుంది. ఆయన రెండో తీగను దానితో కలిపి పురి వేసినాడు. రెండు పేటల నడుమ ముల్లు కదలక నిలిచింది. ఆ రోజుల్లో ఎవరికి తోచిన ముల్లు వారు చేసినారు: రేకు ముల్లు, నక్షత్రపు ముల్లు, గిర్రున తిరిగే చక్రపు ముల్లు. కొన్ని పశువుల చర్మం చీల్చివేసేవి. దాంతో, దూరం నుంచే పశువు కంట బడేటట్లు వెడల్పు రేకులు అమర్చిన రకాలూ వచ్చినవి. పైరు దక్కాలా, పశువు దక్కాలా అనే తగువంతా ఆ పలకల మీద కనిపిస్తుంది.

అక్కడే కాకి జాతి పక్షి ఒకటి తుప్పు తీగ ముక్కలతో అల్లుకొన్న గూడు కూడా ఉన్నది. బరువు 72 పౌన్లు, అంటే 32 కిలోల పైన. పక్షి సైతం దొరికినదానితోనే కాపురం పెట్టింది!

తీగ సరే, గుంజల మాట? ఆ ప్రాంతాన పైమట్టి కిందనే అడుగు లోపు మందాన సున్నపురాయి పొర ఉన్నది. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన కొద్దీ గట్టిపడుతుంది. వరుసగా బెజ్జాలు తొలిచి, చీలలు పెట్టి, ఒకదాని తరువాత ఒకటి సమ్మెటతో కొట్టుకుంటూ పోతే రాయి తిన్నగా పగిలేది. మన రాతిపనివారు నల్లబండకు చేసే పనే ఇది. అట్లా చేసిన గుంజ ఒక్కొక్కటి 100 కిలోల పైమాటే. తెలంగాణ వైపు మనం కడీలంటాము చూడండి, అవే. నేటికీ రోడ్ల వెంట బారులు తీరి ఉన్నవి. ఆ ఊళ్లో వాటికీ ఒక మ్యూజియం ఉన్నది.

ఉత్తర డకోటాలోని న్యూ సేలం ఊరివారు 1974లో గుట్ట మీద 38 అడుగుల ఎత్తు హోల్‌స్టీన్ ఆవు బొమ్మ నిలిపినారు. పాడికి గౌరవంగా చేసిన పని, ముచ్చటగానే ఉంటుంది. అయినా పాలు పితికే మెళకువ ఆ బొమ్మ చెప్పదు. తీగ ముక్క చెబుతుంది, ఎందుకంటే దాని పక్కన దాని పని రాసి పెట్టినారు. రాయకపోతే అదీ పాత ఇనుమే.

కార్యకర్తలు ఈసారి ఊళ్లోకి పోయినప్పుడు అటకల మీద గొర్రు, జడ్డిగం ఎవరింట ఉన్నవో విచారించండి. ఏ గింజను ఎంత పిడికిట పట్టి ఎట్లా జారవిడవాలో తెలిసిన పెద్దమ్మ ఆ ఇంట ఉంటే, ఆమెనే అడగండి. ఎవరిది, ఏ ఊరు, ఏ పైరుకు వాడినారు, సాలుకు సాలుకు ఎడమెంత, ఇవి రాసి ఆ గొర్రుకే కట్టండి. పంచాయతీ ఆఫీసులో ఒక మూల ఇస్తే చాలును.