పెట్టెలోని కాసులపేరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, టిక్కెట్టు కిటికీ వెనుక కూర్చునేవాడికి ఉపన్యాసమేమిటని తప్పుకోజూచినాను. వారు వదలలేదు. మెట్రిక్యులేషనుతో చదువు ఆపినవాడను గనుక సాహిత్యం జోలికి పోను. మా ఇంట్లో నిరుడు జరిగిన ఒక సంగతి మనవి చేస్తాను. ఇటువంటిది మీ ఇళ్లలోనూ ఏదో ఒక పెట్టెలో ఉండే ఉంటుంది.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తి అయి, ఎడమ కాలువ నీళ్లు ఈ రాయచూరు జిల్లాకు వచ్చిన తరువాత, కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాలనుండి మనవాళ్లు సింధనూరు, మాన్వి వైపు వచ్చి క్యాంపులు వేసుకున్న కథ మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ నల్లరేగడి భూములు కొన్నది చాలావరకు ఆడవాళ్ల ఒంటిమీది బంగారంతోనే. మా నాయనమ్మ వడ్డాణం అట్లాగే పొలం అయినది. పుట్టింటివారు పెట్టిన కాసులపేరు మాత్రం ఆమె ఇవ్వలేదట. 1964లో మొదటి మంచి పంట మీద తాతయ్య ఆమెకు ఒక జత వంకీలు చేయించినాడు. ఆ రెండూ మా అమ్మకు వచ్చినవి. అమ్మ రైల్వే క్వార్టర్సులో బ్రతికిన మనిషి. దొంగల భయమొకటి, కాసులపేరు వేసుకుంటే నలుగురూ నవ్వుతారని మొహమాటమొకటి. నాకు తెలిసి అక్క పెళ్లిలో ఒక్కసారి వేసుకున్నది. కొండీ తెగి, రెండు కాసులు ఊడి, తరువాత గుడ్డమూటలోనే ఉండిపోయినది.

నాయన ఉద్యోగంలో ఉండగానే పోయినారు. ఆయన ఉద్యోగమే నాకు ఇచ్చినారు. రెండేళ్ల క్రితం అమ్మ కూడా పోయినది. మూట నా బీరువాలోకి వచ్చినది. మా ఆవిడ, ‘ఎవరూ వేసుకోని నగ ఉండి ఏం లాభం, కరిగించి నాకొక గొలుసు, పాపకొక గొలుసు చేయిద్దాం’ అన్నది. నాకేమో ఇంటి అప్పు కళ్ల ముందు ఆడుతున్నది. అమ్మేద్దామన్నాను. ఇట్లా పది రోజులు వాదించుకొని, చివరికి బజారులో ఒక దుకాణానికి తీసుకొనిపోయినాము.

అక్కడ తెలిసిన సంగతి చెబుతాను. గుమాస్తాను గదా, లెక్క నాకు బాగా పట్టుకున్నది. కాసులపేరు తూకం 62 గ్రాములు. యంత్రం మీద పెట్టి చూస్తే కాసులు 22 కారట్లే, కాని ప్రతి కాసుకూ వేసిన అతుకు తక్కువరకం. మొత్తం కరిగిస్తే నూటికి 84 వంతులే బంగారమన్నారు. దానిని 22 కారట్ల లెక్కలోకి మారిస్తే సుమారు 57 గ్రాములు. కొత్త నగకు మజూరీ నూటికి 12, దానిపైన పన్ను నూటికి 3. అన్నీ పోగా చేతికి వచ్చే కొత్త గొలుసులు 49 గ్రాములు. మా ఆవిడ అక్కడే గుండెలు బాదుకున్నది. అయితే 13 గ్రాములూ దుకాణంవాడు తిన్నాడనుకోవడం అన్యాయం. అందులో ఐదు గ్రాములు మొదటినుండి లేని బంగారమే. నిజంగా ఖర్చయ్యేది ఏడు గ్రాముల పైచిలుకు. అది చేతిపనికీ, పన్నుకూ.

ఇక వంకీలు. లోపలి లక్క తీసివేస్తే 28 గ్రాములు మిగిలినవి. పరీక్షలో 14 కారట్లని తేలినది! తాతయ్యను ఎవరో మోసం చేసినారని నేను మండిపడ్డాను. అక్కడ కూర్చున్న ఒక ముసలి కంసాలి నవ్వి, 1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చినదనీ, 14 కారట్లకు మించిన కొత్త నగ చేయరాదని సర్కారు ఆజ్ఞ అనీ చెప్పినాడు. 1968లో అది చట్టమే అయి, 1990లో గాని రద్దు కాలేదు. కులవృత్తి పోయి ఎందరో కంసాలులు వీధిన పడ్డ రోజులవి. తాతయ్యను ఎవరూ మోసం చేయలేదు. మన జిల్లాలోనే హట్టిలో బంగారు గని ఉండగా ఇక్కడివాడు 14 కారట్ల వంకీలు తొడిగించుకున్నాడంటే చూడండి! (1915లో మస్కిలో అశోకుని శాసనం కనిపెట్టినవాడు కూడా బంగారం వెదకబోయిన ఇంజనీరే. వాడికి రాయి దొరికినది.)

ఇప్పటి హాల్‌మార్కు నిబంధన దుకాణంవాళ్లు అమ్మే నగలకేగాని మనం అమ్ముకునే పాత నగకు కాదు. ముద్ర లేదని ధర తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. హాల్‌మార్కు కేంద్రంలో కొద్ది రుసుముతో మనమే పరీక్ష చేయించుకోవచ్చును. మీ కాసులపేరులో అచ్చు కాసులు కాక నిజమైన సవరన్లు ఉంటే మాత్రం కరిగించకండి. ఒక్కొక్కటి 8 గ్రాములకు కొంచెం తక్కువ తూగే 22 కారట్ల నాణెం. దేనికదే విడిగా అమ్ముడుపోతుంది.

ఆ కంసాలే చివరికి నన్నొక మాట అడిగినాడు: ‘బాబూ, ఇది ఎవరిది?’ మా అమ్మదన్నాను. ‘అమ్మకు నీవొక్కడివేనా?’ అన్నాడు. నా నోట మాట రాలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ సొమ్ములో అక్కకూ నాకూ సమభాగం. చట్టం సంగతి అట్లా ఉంచండి. పది రోజులు వాదించుకున్న మా ఇద్దరిలో ఒక్కరికీ అక్క పేరు గుర్తు రాలేదు. మూట కట్టుకొని ఇంటికి వచ్చినాము.

మరుసటి ఆదివారం మాన్వి దగ్గర క్యాంపుకు పోయి మూట అక్క ముందు పెట్టినాను. దుకాణానికి పోయిన సంగతి కూడా దాచలేదు. అక్క కొంతసేపు మాట్లాడలేదు. ‘నాకు వద్దులేరా’ అని లోపలికి పోయినది. బావగారే చెప్పినారు: రెండేళ్లుగా పత్తి పోయినది, అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసి ఉన్నది, ఈ మాట తమ్ముడికి చెప్పవద్దని అక్క ఒట్టు పెట్టించుకున్నదని.

వంకీలు అమ్మినాము. ఆ డబ్బు ఫీజుకు పోయినది. కాసులపేరు కరిగించలేదు. కొండీ మార్పించి, ఊడిన కాసులు అతికించి, కొత్త దారం ఎక్కించడానికి అయిన ఖర్చు మేము భయపడినదానిలో పదోవంతు కూడా లేదు. అది అక్క దగ్గర ఉండాలని నేనే అన్నాను. మా ఆవిడకు ఇది పూర్తిగా నచ్చలేదు. ఈ సభలో ఆమె కూర్చుని ఉన్నది గనుక అబద్ధం చెప్పలేను. మా పాప పెళ్లికి అది మా ఇంటికి వచ్చి, మళ్లీ పోవాలని అక్క తానే ఒక కాగితం మీద వ్రాసి మా ఆవిడ చేతికి ఇచ్చినది.

అక్క కూడా ఈ రోజు వచ్చినది. మూడో వరుసలో ఉన్నది. మెడలో వేసుకుని వచ్చినది గాని, పైట కప్పుకున్నది.