పేగులోని కాపలా



రోగాలతో పోరాడే కణాలు రక్తంలోనే ఉంటాయని మా పదో తరగతి పిల్లలు రాస్తుంటారు. నిజానికి ప్రతిరక్షకాలు తయారుచేసే కణాల్లో ఎక్కువ భాగం పేగు గోడల్లోనే కాపురం. తినే ప్రతి ముద్దతోనూ సూక్ష్మజీవులు వస్తాయి కదా! చిన్నపేగు చివరి భాగంలో ఈ కాపలా కణాలు గుంపులుగా చేరిన మచ్చలుంటాయి. 1677లో స్విట్జర్లాండ్ వైద్యుడు పేయర్ వర్ణించాడు గనుక వాటికి ఆయన పేరే. పైనున్న ఎం కణాలు పేగులోని క్రిములను పట్టి లోపలి కణాలకు అందిస్తాయి.

టైఫాయిడ్ క్రిమి గడుసుది. ఆ ద్వారం గుండానే దూరి, తనను మింగిన కణంలోనే బతుకుతుంది. జ్వరం మూడో వారానికి ముదిరితే ఆ మచ్చలు పుండ్లు పడతాయి; పేగుకు చిల్లు కూడా పడవచ్చు. మన బస్తీల్లో ఒళ్లు చల్లబడగానే మాత్రలు ఆపేసి పిల్లాణ్ణి బడికి పంపేస్తారు. జ్వరం తగ్గినా క్రిమి లోపల ఉండవచ్చమ్మా, డాక్టరు రాసినన్ని రోజులూ వేయండి. ఆ పిల్లాడు ఉన్నట్టుండి కడుపు నొప్పితో మెలికలు తిరిగినా, పొట్ట గట్టిపడినా వాము నీళ్లు పట్టిస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు వేయించవచ్చు.