కొత్త ఛానల్‌కి ఒక లెక్కల పుస్తకం
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం గుర్తుగా పదో తరగతి పాఠాలతో యూట్యూబ్‌లో ఒక ఛానల్ పెట్టాలని మన సంఘం తీర్మానించింది. పాఠాలు చెప్పడానికి మన సార్లు, మేడమ్‌లు ఒప్పుకున్నారు. రిటైరైనవాళ్ళు కూడా ముందుకొచ్చారు. చాలా సంతోషం. అయితే ఆ తీర్మానం చివర ఒక వాక్యముంది. ఆరు నెలల్లో వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు రాకపోతే ఖర్చు ఆపేయాలట. నలుగురి ఛానళ్ళ లెక్కలు చూసిపెట్టడమే నా బతుకుతెరువు కాబట్టి, నన్ను మాట్లాడమన్నందుకు ఆ ఒక్క వాక్యం గురించే మాట్లాడతాను.

ముందు ఆ వెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే ఛానల్‌కి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన పన్నెండు నెలల్లో జనం చూసిన సమయం 4,000 గంటలు ఉండాలని 2018 జనవరిలో యూట్యూబ్ ప్రకటించింది. అప్పటి నుంచి ఛానల్ పెట్టిన ప్రతివాళ్ళ నోటా ఆ వెయ్యే. అది డబ్బు కోసం కట్టిన గడప. మనం డబ్బు కోసం పెట్టడం లేదు కదా! 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మనిషికి నాలుగు నిమిషాలు చూస్తే 60,000 సార్లు చూడాలి. మన తరగతి గదిలో 60 మంది పిల్లలు పది నిమిషాల పాఠం పూర్తిగా చూస్తే వచ్చేది 10 గంటలు. యూట్యూబ్ గడప ముందు అది ఏ మూలకూ రాదు. కానీ అది ఒక సెక్షన్ మొత్తం పాఠం విన్నట్టు. మనకు కావలసింది ఆ పది గంటలే.

ఇంకో సంగతి. వెయ్యిమందిని తేవడం మనకు ఏమంత కష్టం కాదు. ప్రతి బ్యాచ్‌కీ ఒక వాట్సాప్ గ్రూపుంది. లింకు వేసి, "నొక్కండబ్బా" అని నలుగురు గట్టిగా అంటే వారంలో అయిపోతుంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అన్న నొక్కుతాడు, హైదరాబాదులో ఉన్న అక్క నొక్కుతుంది. వాళ్ళ అభిమానానికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ త్రికోణమితి పాఠం వాళ్ళు చూస్తారా? వెయ్యి దాటిందని మనం లడ్డూలు పంచుకుంటాం. ఆ వెయ్యిలో పదో తరగతి పిల్లలు ఎంతమందో మాత్రం తెలియదు. డబ్బిచ్చి సబ్‌స్క్రైబర్లను కొనే దారి కూడా ఉందని ఎవరో అన్నారు. ఆ దారి వద్దు. దొంగ ఖాతాలను యూట్యూబ్ ఏరేస్తూనే ఉంటుంది. 2018 డిసెంబరులో అలా ఏరినప్పుడు చాలా ఛానళ్ళ సంఖ్యలు దిగాయి.

ఆరు నెలల గడువు గురించి కూడా ఒక మాట. తెనాలి దగ్గర గుడివాడ గ్రామంలో మస్తానమ్మ అవ్వ వంటల ఛానల్ 2016లో మొదలైంది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసే నాటికి సబ్‌స్క్రైబర్లు పది లక్షలు దాటారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' 2012లోనే మొదలైంది. ఆ షోతో పేరొచ్చిన గంగవ్వ బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టింది 2020లో. రెండూ పల్లె ఛానళ్ళే, ఇద్దరూ అవ్వలే, రెండింటి నడకా వేరు. ఆరు నెలలప్పుడు ఉన్న అంకె పట్టుకుని ఎవరు చెప్పగలరు జోస్యం?

మరి ఏం లెక్కపెట్టాలి? జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరకు మనమందరం పోయినవాళ్ళమే. అక్కడ ఉగ్గాని బజ్జీ అంగడి పెట్టినాయన ఏం చూస్తాడు? అంగడి ముందు నుంచి వేలమంది పోతారు. మన వీడియో బొమ్మ ఫోన్లో కనబడిన ప్రతిసారీ ఒక మనిషి అట్లా అంగడి ముందు నుంచి పోయినట్టు. దీన్ని ఇంప్రెషన్ అంటారు. వాళ్ళలో కొందరు లోపలికొస్తారు, అది క్లిక్. యూట్యూబ్ చెప్పే లెక్క ప్రకారం సగం ఛానళ్ళకు నూటికి 2 నుంచి 10 మంది దాకా లోపలికొస్తారు. కాబట్టి నూటికి నలుగురే వచ్చారని దిగులు పడక్కర్లేదు. వచ్చినవాళ్ళు ప్లేటు ఖాళీ చేసి లేచారా, సగంలో వదిలేసి పోయారా అన్నది మూడో సంగతి. మరునాడు మళ్ళీ వచ్చారా అన్నది నాలుగోది. కొత్త అంగడికి మొదటి రోజు చుట్టాలొస్తారు. రెండో రోజు ఎవరొచ్చారో చూసుకోవాలి.

నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది ఆ మూడో సంగతి గురించే, ముఖ్యంగా గురువులకు. ప్రతి వీడియోకీ యూట్యూబ్ స్టూడియోలో ఒక గీత కనిపిస్తుంది. ఏ సెకనుకి ఎంతమంది మిగిలి ఉన్నారో చూపే గీత. నేను చూసే ఛానళ్ళలో ట్యూషన్ మాస్టారు ఒకాయన ఉన్నారు. మంచి మనిషి, మంచి బోధన. కానీ ప్రతి వీడియోలో మొదట స్వాగతం, సుస్వాగతం, గణపతి బొమ్మ, సంగీతం, తరవాత తన పరిచయం. ఆ గీత మొదటి అర నిమిషంలోనే బావిలో రాయి పడ్డట్టు పడిపోయేది. పాఠం మొదలయ్యేసరికి పిల్లలు లేరు! ఒకసారి స్వాగతం తీసేసి నేరుగా లెక్కతో మొదలుపెట్టించాం. గీత నిలబడింది.

అంతకంటే విలువైనది ఆ గీత మధ్యలో వచ్చే చిన్న గుట్ట. పిల్లలు వెనక్కి జరిపి అదే చోటు మళ్ళీ మళ్ళీ చూస్తే గీత అక్కడ పైకి లేస్తుంది. మాస్టారి వీడియోలో వర్గసమీకరణం లెక్కలో ఒక మెట్టు దగ్గర అట్లా లేచింది. ఆయన అది చూసి, "ఈ మెట్టు అందరికీ తెలుసని దాటేస్తాను సార్, ఇన్నేళ్ళలో ఒక్కడూ చెయ్యెత్తి అడగలేదు" అన్నారు. తరగతిలో చెయ్యెత్తని పిల్లవాడు ఫోన్లో నాలుగుసార్లు వెనక్కి జరిపి చూశాడు. ఆ ఒక్క మెట్టు మీదే ఆయన ఇంకో చిన్న వీడియో చేశారు.

ఇప్పుడు మన పిల్లల సంగతి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి ఏటా సుగ్గికి పోయే కుటుంబాలు మీకు తెలుసు. గుంటూరు వైపు మిరప కోతకు అమ్మానాన్నలు పోతే పిల్లలూ మూటల మధ్య కూర్చుని పోతారు. పరీక్షలు మార్చిలో. బడికి రాని ఆ నెలల్లో పాఠం వాళ్ళ దగ్గరికి పోవాలన్నదే కదా ఈ ఛానల్ పెట్టే కారణం! ఆ ఇంట్లో ఫోను ఒకటే ఉంటే, అది నాన్న జేబులో ఉంటే, పిల్ల చేతికి వచ్చేది రాత్రి పూట. చూసేవాళ్ళు ఏ గంటల్లో యూట్యూబ్‌లో ఉంటున్నారో చూపే పటం కూడా స్టూడియోలో ఉంది. మన పటంలో రాత్రి గంటలు ముదురు రంగు తిరిగితే అది చూసి సంతోషించాలి. మొదట్లో మన వీక్షకులంతా వాట్సాప్ లింకు నుంచే వస్తారు. ఎవరో ఒక పిల్ల యూట్యూబ్‌లో తానే పాఠం పేరు వెతికి మన దగ్గరికి రావడం మొదలైతే అది చుట్టరికం దాటిన రాబడి. ఆ రెండు దారులనూ విడివిడిగా రాసుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు. ఛానల్ పెట్టేటప్పుడు 'పిల్లల కోసం చేసినదా' అని అడుగుతుంది. బడి పాఠాలు కదా అని అవును నొక్కితే వ్యాఖ్యలు మూతపడతాయి, కొత్త వీడియో వచ్చిందన్న గంట మోగదు. అమెరికాలో పదమూడేళ్ళ లోపు పిల్లల రక్షణ చట్టం వల్ల 2020 జనవరి నుంచి ఈ పద్ధతి వచ్చింది. మన పదో తరగతి పిల్లలు ఆ వయసు దాటినవాళ్ళు. షార్ట్స్ వ్యూలను పాఠాల వ్యూలతో కలపొద్దు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడడం మొదలైతే చాలు, ఒక వ్యూ కింద లెక్క. బొటనవేలితో తోసేసినా సరే. ఇక ఏప్రిల్‌లో చూసేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోతారు. పరీక్షలైపోతాయి, అంతే. కార్యవర్గం అత్యవసర సమావేశం పెట్టక్కర్లేదు.

కాబట్టి నా మనవి. తీర్మానంలో ఆ వాక్యం కొట్టేసి, రెండు విద్యా సంవత్సరాలు గడువు పెట్టండి. రోజూ అంకెలు చూడొద్దు. ప్రతి వీడియోకీ 28 రోజులైన తరవాత ఒకసారి చూసి పుస్తకంలో ఒక వరస రాయాలి. ఎంతమంది లోపలికొచ్చారు, సగటున ఎన్ని నిమిషాలున్నారు, ఏ చోట పోయారు, ఏ చోట వెనక్కి జరిపారు, వాట్సాప్ నుంచి ఎందరు, వెతికి వచ్చినవాళ్ళెందరు. పక్కవాళ్ళ ఛానల్‌తో పోల్చొద్దు, మన కిందటి వీడియోతో పోల్చుకుంటే చాలు. చివరి గడి ఒకటి ఖాళీగా ఉంచాను. అది యూట్యూబ్ చెప్పలేనిది. సుగ్గికి పోయిన పిల్లల్లో ఎవరు చూశారో ఫోన్ చేసి కనుక్కుని రాయాలి. దానికి మండలానికి ఒకరు కావాలి. కోసిగికి నేనుంటాను. కౌతాళానికి, పెద్దకడబూరుకు ఎవరుంటారో భోజనాల దగ్గర చెప్పండి.

మొదటి పాఠం మా లెక్కల సారే చెబుతానన్నారు. స్వాగత వచనాలు లేకుండా నేరుగా లెక్కలోకి దిగమని ఆయనకు చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఆ పని అధ్యక్షులవారికి అప్పగిస్తున్నాను.